మూడో అంతస్తు గుమ్మడికాయ

"ముందా బూట్లు అవతల పారేయండి! పూజగది గుమ్మం ముందు ఏమిటా దరిద్రం?"

సోమవారం పొద్దున్నే రాఘవమ్మ వేసిన కేకకి ఇల్లంతా ఉలిక్కిపడింది. పారేయడానికి మాత్రం ఎవరూ కదల్లేదు.

ఆ బూట్లు సాంబయ్యవి. నలుపు వెలిసి బూడిద రంగుకి తిరిగిన సేఫ్టీ బూట్లు, ఎడమ మడమ మీద సిమెంటు గడ్డకట్టి ఉంది. శుక్రవారం నందిగామ సైటులో, పూజ జరుగుతోందని, వాటిని విప్పి అందరి చెప్పుల వరసలో పద్ధతిగా పెట్టాడు. మళ్ళీ వేసుకోవడానికి ఆయన మెట్ల మీంచి దిగి రాలేదు. మూడో అంతస్తు పరంజా మీంచి పడి, మొదటి అంతస్తు సన్‌షేడ్‌కి కొట్టుకుని, ఇసక కుప్ప మీదికి వచ్చాడు. ఆ గందరగోళంలో ఆ బూట్లని కారులో వేసుకొచ్చింది రాఘవమ్మ కోడలు కృష్ణప్రియ.

ఇప్పుడామె డైనింగ్ టేబుల్ దగ్గర ఒక ఫారం ముందేసుకుని కూర్చుంది. ప్రమాదం జరిగిన చోటు: నందిగామలో కడుతున్న షాపింగ్ కాంప్లెక్స్. గాయపడిన మనిషి: సాంబయ్య, సెంట్రింగ్ మేస్త్రి, యాభై రెండేళ్లు. గాయం: ఎడమ తుంటి, తొడ ఎముక. అన్నీ రాసింది. 'ప్రమాదానికి కారణం' అన్న గడి దగ్గర రెండు రోజులుగా పెన్ను ముందుకు సాగడం లేదు.

"ఇంకా రాయలేదా?" భర్త సతీష్‌బాబు కాలు కాలిన పిల్లిలా హాల్లో తిరుగుతూ వచ్చి ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. "పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికొస్తాడు ప్రియా. నిన్నే చెప్పా గదా. బూట్లు, బెల్టు, హెల్మెట్ మేం ఇచ్చాం, కార్మికుడు తనంతట తానే తీసేసి ఎక్కాడు. రెండు ముక్కలు. రాసి పడెయ్."

"తనంతట తానేనా?"

"మరి? నువ్వెక్కించావా, నేనెక్కించానా?"

ఇడ్లీ తుంచుతున్న మామగారు భవానీప్రసాద్ చెయ్యి పళ్లెంలోనే ఆగింది. రాఘవమ్మ పూజగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కొడుకు మాత్రం ఇవేవీ చూడలేదు. శుక్రవారం ఆ సమయానికి అతను వెనకవైపు సిమెంటు లారీ దింపిస్తున్నాడు. మూడో అంతస్తులో దిష్టి గుమ్మడికాయ కట్టేటప్పుడు ఏం జరిగిందో తల్లి చెప్పినంతే అతనికి తెలుసు. తల్లి చెప్పింది బహు కొంచెం.

"చూడమ్మా," అన్నాడు భవానీప్రసాద్ నెమ్మదిగా. ఆయన నెమ్మదిగా మాట్లాడాడంటే అంతకు ముందే అంతా తేల్చేసుకున్నాడని అర్థం. "ముప్పై ఏళ్ల నుంచి కాంట్రాక్టులు చేస్తున్నా. సాంబయ్య నాకు పద్దెనిమిదేళ్ల నుంచి తెలుసు. వాణ్ణి నేను వదిలేస్తానా? ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటా. కాగితం మాత్రం మనకి చుట్టుకోకుండా ఉండాలి."

"కాగితం మనకి చుట్టుకోకపోతే ఆయనకి చుట్టుకుంటుంది మామయ్యా."

"అదిగో, మొదలెట్టింది!" సతీష్‌బాబు కుర్చీ వెనక్కి నెట్టాడు.

తప్పు పూర్తిగా వాళ్లదీ కాదు. పెళ్లికి ముందు కృష్ణప్రియ విజయవాడలో సేఫ్టీ డిప్లొమా చేసింది. కాంట్రాక్టు కాగితాల్లో సేఫ్టీ ఆఫీసర్ అన్న చోట భవానీప్రసాద్ కోడలి పేరు రాయించాడు, ఇంటి మనిషైతే గొడవుండదని. కృష్ణప్రియ మాత్రం ఆ హోదా నిజమనుకుంది. రోజూ సైటుకి పోయి, పొద్దున్నే పనివాళ్లని నిలబెట్టి పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పేది. బెల్టు పెట్టుకోలేదని ముగ్గుర్ని ఇళ్లకి పంపేసింది కూడా. అందులో కమ్మీలు వంచే కుర్రాడు వెస్లీ ఒకడు. మర్నాటి నుంచి ఆ వెస్లీయే మిగతావాళ్ల బెల్టులు లాగి చూసేవాడు.

"ఆ కాయ ఇంకా అక్కడే వేలాడుతోందా?" అన్నాడు భవానీప్రసాద్ ఉన్నట్టుండి. "ఇన్‌స్పెక్టర్ సైటుకొస్తే అదేంటని అడుగుతాడు. దించేయాలి."

పూజగది తలుపు ధడాలున తెరుచుకుంది.

"దించితే దించండి. చెప్పుకాళ్లతో మాత్రం ముట్టనిచ్చారో, ఊరుకోను! వేదాద్రి నరసింహస్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చిన కాయ. కింద పడకూడదు. జాగ్రత్తగా దింపి కృష్ణలో కలపాలి."

కృష్ణప్రియ లేచి నిలబడింది. "మళ్ళీనా అత్తయ్యా? మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్ళీ అదే మాటా? మామయ్యా, బూటూ బెల్టూ లేకుండా ఎవరూ ఆ పరంజా ఎక్కడానికి వీల్లేదు. నాకు మాటివ్వండి."

"అలాగేలేమ్మా," అన్నాడాయన.

ఈ ఇంట్లో 'అలాగేలే' అంటే ఆ మాట అక్కడితో అయిపోయిందని. జరుగుతుందని కాదు. ఆరేళ్ల కాపురంలో ఆ సంగతి తెలిసి కూడా కృష్ణప్రియ ఆ పూట దాన్ని నమ్మింది. ఆమె మనసు ఫారం మీదే ఉంది.

వంటింట్లో రాఘవమ్మ ఫ్లాస్కులోకి రాగిజావ పోస్తోంది. సగం గట్టు మీద ఒలికింది. కృష్ణప్రియ గుడ్డ తీసుకుని తుడవబోయింది.

"అక్కర్లేదు. నేను తుడుచుకోగలను."

"అత్తయ్యా, ఆయనకి ఒక్క మాట చెప్పండి. మీ అబ్బాయికి. బూట్లు విప్పమన్నది మీరని."

"నేనేమన్నా వాణ్ణి పడి చావమన్నానా?" రాఘవమ్మ గిర్రున తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా ఆవిడకీ నిద్రలేదు. "ముందు వారం చెక్క జారి ఒకడి చెయ్యి చితికిందని నువ్వేగా చెప్పావు? అది విని నా గుండె గుభేలుమంది. ఎండలో వేదాద్రి పోయి, మెట్లెక్కి, పూజ చేయించి తెచ్చా. ఎవరి కోసం? ఆ పనోళ్ల కోసం కాదూ?"

అది నిజం. చెయ్యి చితికిన మర్నాడు కృష్ణప్రియ మీటింగ్ పెట్టి బోల్టులన్నీ సరిచూడమంది. అత్తగారు గుమ్మడికాయ తెచ్చింది. ఇద్దరిదీ ఒకే భయం.

"మీ మనసు నాకు తెలుసత్తయ్యా. అయినా ఊళ్లో వాళ్లందరి చెమటా పట్టిన బెల్టుతో స్వామివారి కాయ ముట్టుకుంటావా అని సాంబయ్యని అన్నారు. బూట్లు విప్పమన్నారు. నెత్తిన ఆ డిప్ప తియ్యమన్నారు."

"అన్నాను. వాడు విన్నాడా?"

కృష్ణప్రియ గుడ్డని గట్టు మీద పెట్టేసింది.

"వాడు నా మొహం చూళ్లేదు. నీ మొహం చూశాడు. నువ్వు హారతిపళ్లెం పట్టుకుని నిలబడి, తలూపావు. హెల్మెట్ నీ చేతికిస్తే అందుకున్నావు కూడా. నేను పల్లెటూరి ముసల్దాన్ని, నాకేం తెలుసు? చదువుకున్నదానివి, నువ్వెందుకు తలూపావే?"

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. రాఘవమ్మ స్టవ్ తగ్గించింది.

ఎందుకు తలూపింది? ఐదు నిమిషాల పనేగా అనుకుంది. నలుగురిలో అత్తగారి మాట కాదంటే ఇంటికెళ్లాక వారం రోజులు మొహాలు చూసుకోలేని గొడవ అవుతుందనుకుంది. పూజలో కూడా రూల్స్ ఏంటని నవ్వుతారనుకుంది. ముగ్గుర్ని ఇళ్లకి పంపిన మనిషికి ఆ నాలుగోసారి 'వద్దు' అనడానికి నోరు రాలేదు.

"చెప్పుకోవాల్సి వస్తే ఇద్దరం చెప్పుకోవాలి," అంది రాఘవమ్మ ఫ్లాస్కు మూత బిగిస్తూ. "అందుకే నోరు మూసుకుని అబ్బాయి చెప్పినట్టు రాయి. నేనూ వస్తున్నా ఆసుపత్రికి. జావ చల్లారకముందే తాగించాలి."

భవానీప్రసాద్ అప్పటికే తన బండి వేసుకుని సైటుకి వెళ్లిపోయాడు.

సతీష్‌బాబు కారు జగ్గయ్యపేటలో ఇంటి నుంచి బయల్దేరి హైవే ఎక్కింది. చిల్లకల్లు దాటాక సిమెంటు లారీల వెనక చిక్కుకుని సతీష్‌బాబు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"మీరు అంత స్పీడుగా వెళ్లకండి."

"కారులో కూడా సేఫ్టీయేనా?"

"కారణం గడి ఖాళీగా ఉంది," అంది కృష్ణప్రియ. "ఖాళీగానే ఇస్తా."

"ఇచ్చి? వాళ్లడిగితే?"

"అడిగితే చెప్తా."

"ఏం చెప్తావ్? నీ సంతకం ఉంది సేఫ్టీ ఆఫీసర్ అని. కేసైతే ముందు నిన్నే నిలబెడతారు, నన్ను కాదు. నిన్ను కాపాడదామనే నేను చూస్తున్నా, అర్థమవుతోందా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అతని గొంతులో నిజంగానే భయం ఉంది. వెనక సీట్లో రాఘవమ్మ ఒళ్లో ఫ్లాస్కు పట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తోంది.

నందిగామలో ఆసుపత్రి వరండాలో సాంబయ్య భార్య తిరుపతమ్మ కింద కూర్చుని ఉంది. వీళ్లని చూసి లేచింది. ఏడుస్తుందనుకుంది కృష్ణప్రియ. ఏడవలేదు. రాఘవమ్మ చేతిలో ఫ్లాస్కు అందుకుని, "లోపలున్నాడమ్మా. ఆపీసరు కూడా వచ్చాడు," అంది.

సతీష్‌బాబు గబగబా లోపలికి నడిచాడు. రాఘవమ్మ వెనకే వెళ్లింది. తిరుపతమ్మ కృష్ణప్రియ దారికి కొంచెం అడ్డంగా నిలబడింది.

"పెద్దయ్యగారు నిన్నొచ్చారు చిన్నమ్మగారూ. ఏం చెప్పాలో చెప్పిపోయారు. ఈయన సరేనన్నాడు."

"తిరుపతమ్మా..."

"నేనేం అడగను. ఒక్కటే అడుగుతా. కాయ కట్టేటప్పుడు మీరక్కడే ఉన్నారంటగా?"

"ఉన్నా."

"అదే చెప్పాడు. చిన్నమ్మగారు సరేనంటేనే ఎక్కానే, ఆవిడ ఒప్పుకుందంటే భయంలేదనుకున్నా అన్నాడు." తిరుపతమ్మ పక్కకి తప్పుకుంది. "పదండి, లోపలికి."

అంతకన్నా ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. కృష్ణప్రియ ఫారం ఉన్న కవరు గుండెలకి అదుముకుని వార్డులోకి నడిచింది.

కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ జగన్నాథరావు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. కళ్లజోడు పైకి తోసుకుని నిదానంగా రాసుకుంటున్నాడు. సాంబయ్య కాలికి బరువు కట్టి వేలాడదీశారు. పద్దెనిమిదేళ్లు పరంజాల మీద నడిచిన మనిషి, దుప్పటి కింద పిడికెడై కనిపించాడు. మళ్ళీ ఎత్తుల మీద పని కల్లేనని డాక్టరు నిన్ననే చెప్పేశాడు.

"మళ్ళీ చెప్పు సాంబయ్యా. బూట్లు ఎవరు విప్పమన్నారు?"

"ఎవరూ అనలేదయ్యా. నేనే విప్పా."

"బెల్టు?"

"అదీ నేనే. కాయ కట్టాలని నాకే బుద్ధి పుట్టింది. అయ్యగార్లకి తెలవదు."

సతీష్‌బాబు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. జగన్నాథరావు మాత్రం రాయడం ఆపి సాంబయ్య వంక చూశాడు.

"ఒక సంగతి చెప్తా, విను. ఇచ్చిన రక్షణ సామాన్ని కావాలనే తీసేశానని నువ్వే ఒప్పుకుంటే, రేపు నష్టపరిహారం దగ్గర ఆ మాటే నీకు అడ్డం తిరుగుతుంది. నా బాధ్యత, చెప్తున్నా. ఆలోచించుకునే అంటున్నావా?"

సాంబయ్య భార్య వంక చూశాడు. తిరుపతమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతూ తల ఎత్తలేదు.

"అంతేనయ్యా. రాసుకోండి."

"సరే." ఆయన కృష్ణప్రియ వైపు తిరిగాడు. "సేఫ్టీ చూసేది మీరేనా అమ్మా? ఆయన బూట్లు విప్పేటప్పుడు మీరు చూశారా?"

అప్పుడు సాంబయ్య ఆమె మొహంలోకి చూశాడు. శుక్రవారం చూసిన చూపే. హెల్మెట్ చేత్తో పట్టుకుని, 'ఏమంటారమ్మా' అన్నట్టు, ఆమె ఒప్పుకుంటే చాలన్నట్టు. ఇప్పుడూ అంతే. తన అబద్ధానికి తలూపమని అడుగుతున్నాడు.

"ప్రియా, చూళ్లేదని చెప్పు," అన్నాడు సతీష్‌బాబు ఆమె చెవి దగ్గర, పళ్ల బిగువున.

"చూశానండీ," అంది కృష్ణప్రియ. మళ్ళీ అంది. "చూశాను. సాంబయ్యగారు తనంతట తాను విప్పలేదు. నన్నడిగారు. నేను తలూపాను. హెల్మెట్ నేనే అందుకున్నాను. వద్దు, దిగండి అని ఒక్క మాట అని ఉంటే ఆయన ఎక్కేవారు కాదు."

"నీకు మతి పోయిందా?" సతీష్‌బాబు మొహం పాలిపోయింది. "సార్, షాక్‌లో ఏదేదో మాట్లాడుతోంది. రెండు రోజులుగా నిద్రలేదు..."

"మీరుండండి బాబూ." జగన్నాథరావు కాగితం తిరగేశాడు. "ఆయన మిమ్మల్ని అడిగాడన్నారు. అంటే అంతకుముందు ఎవరో విప్పమని ఉంటారుగా? ఎవరది?"

కారులో ముప్పావుగంటసేపు కృష్ణప్రియ తన తప్పు ఎలా చెప్పుకోవాలా అనే ఆలోచించింది. దాని తర్వాత ఈ ప్రశ్న వస్తుందని ఆలోచించలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ అత్తగారి వంక చూడకుండా ఉండడానికి శతవిధాలా ప్రయత్నించింది.

తిరుపతమ్మ గ్లాసులోకి జావ పోయడం మానేసి రాఘవమ్మనే చూస్తోంది.

అప్పుడే రాఘవమ్మ చేతిసంచిలో ఫోన్ మోగింది. ఆవిడకి చెవి కాస్త మందం, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడుతుంది. కంగారులో అలవాటు కొద్దీ అలాగే నొక్కింది. భవానీప్రసాద్ గొంతు వార్డంతా వినపడింది.

"ఏమే, కాయ గురించి బెంగపెట్టుకోకు. వెస్లీని ఎక్కించా. నువ్వు చెప్పినట్టే బూట్లూ బెల్టూ అన్నీ విప్పించే ఎక్కించాలే. విప్పనని మొరాయించాడు. కోడలు ఒప్పుకుందని చెప్తే గానీ ఎక్కలేదు వెధవ."

సతీష్‌బాబు కళ్లు మూసుకున్నాడు. జగన్నాథరావు పెన్ను కాగితం మీద అలాగే ఉండిపోయింది. కృష్ణప్రియ అనని మాట, ఆమె పేరు మీద, మళ్ళీ ఒకణ్ణి పైకెక్కించింది.

"ఎక్కాడా?" అంది రాఘవమ్మ. ఆవిడ గొంతు గుర్తుపట్టేలా లేదు.

"ఆఁ, మూడో అంతస్తు దాకా పోయాడు."

"దించండి!" ఆవిడ అరుపుకి పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. "దించండి వాణ్ణి!"

"అదేంటే, పొద్దున నువ్వేగా..."

"నేనేనండీ! సాంబయ్యకి చెప్పిందీ నేనే, మీకు చెప్పిందీ నేనే! కాయ పోతే పోయింది, పగిలితే పగిలింది! ఆ పిల్లాణ్ణి దించండి, మీకు పుణ్యముంటుంది!"

అవతల ఆయన ఫోన్ దూరం పెట్టి, "ఒరేయ్ వెస్లీ! ఆగరా!" అని కేకేయడం వినపడింది. కృష్ణప్రియ ఒక్క ఊపున వచ్చి అత్తగారి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"మామయ్యా, అరవకండి! పైనున్న మనిషి కంగారు పడతాడు. ఉన్నచోటే కూర్చుని స్తంభం పట్టుకోమనండి. కదలొద్దనండి. లోపల మెట్ల మీంచి ఎవరితోనైనా బెల్టు పంపండి. మామయ్యా!"

మంచం మీంచి సాంబయ్య లేవబోయాడు. కాలి బరువు కట్టు కిర్రుమంది. నొప్పికి మూలుగుతూనే చెయ్యి చాపాడు.

"చిన్నమ్మగారూ, ఎడం పక్క చెక్క! స్లాబు తడిపే క్యూరింగు నీళ్లు దాని మీదికే కారతన్నాయి. నేను జారింది దాని మీదే. ఎడం పక్కకి అడుగెయ్యొద్దనండి!"

"మామయ్యా, ఎడమవైపు చెక్క తడిగా ఉంది. ఎడమవైపు వెళ్లొద్దని చెప్పండి. వింటున్నారా?"

జగన్నాథరావు కాగితాలు అక్కడే వదిలేసి లేచి నిలబడ్డాడు. రాఘవమ్మ తిరుపతమ్మ చెయ్యి పట్టుకుంది. తిరుపతమ్మ విడిపించుకోలేదు.

"మామయ్యా, వింటున్నారా?"

ఫోన్లో కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతున్న చప్పుడొక్కటే వస్తోంది.